ముక్కుపుల్ల కోసం ఆగిన ఆట

ఆ రోజుల్లో మేమంతా ఇనుముతో పోతపోసిన పిల్లలమనీ, ఇప్పటి పిల్లలకు ఆ పట్టుదల లేదనీ మైకు పట్టుకుని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ చెప్పేది మా పిట్ట అయితే మరీ మండుతుంది. పిట్ట అంటే ఒకప్పుడు మా జూనియర్ కాలేజీ కబడ్డీ జట్టులో నా తర్వాతి ఏడాది పిల్ల. ఇప్పుడు సంగారెడ్డి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో ఆటల టీచరు. మొన్నామధ్య తన కొత్త జట్టుకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచింది. చెప్పనిస్తేగా! శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, మైకు తనే అందుకుంది. "పిల్లలూ, ఈ అక్క మా కెప్టెన్. మ్యాచ్ రోజు మేం ఫ్యాక్టరీల చిక్కుకుంటే, మమ్మల్నందర్ని ముందుగాల గేటు దాటిచ్చి తను ఆఖరుకు వచ్చింది. ఆడికెళ్లి గ్రౌండుకు ఉరికి పోయి మ్యాచ్ గెలిచినం. కమిట్‌మెంట్ అంటే అది. క్యారెక్టర్ అంటే అది!" పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఉక్కపోతలో శాలువా కింద ఉడికిపోతూ కూర్చున్నాను. ఆ చెప్పినదాంట్లో నిజం గేటు ఒక్కటే. ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. మొదట్లో పిట్ట కూడా "బాగనే ఆడినం" అనేది. కొన్నేళ్లకు అది "గెల్సినంత పని చేసినం" అయింది. ఇప్పుడు ఏకంగా గెలిచాం. ఇంకో రెండేళ్లు ఆగితే కప్పు కూడా వచ్చేటట్టుంది. సభలో వాదించడానికి నా చేతిలో మైకు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు భానూరు పక్కన. మా కాలేజీకి గ్రౌండు ఉంది, గ్రౌండులో రాళ్లు ఉన్నాయి, రాళ్ల మధ్య మేం ఉన్నాం. లేనివి జెర్సీలు. మా చిన్నాయన పాశమైలారంలో మందుల డబ్బాలు నింపే ఒక కంపెనీలో స్టోరు చూసేవాడు. అక్కడ పనివాళ్లు వాడి పక్కన పెట్టిన ఆకాశనీలం చొక్కాలు ఒక మూట తెచ్చి మా ముందు పడేశాడు. పంజాబీ డ్రెస్సు పైజామాల మీద ఆ చొక్కాలు తొడుక్కుని, వెనక తెల్ల గుడ్డతో అంకెలు కుట్టుకుని, మేం అచ్చం టీవీలో జట్టులాగా ఉన్నామని అనుకున్నాం. (అచ్చం పాశమైలారం మొదటి షిఫ్టులాగా ఉన్నామని ఎవరికీ తట్టలేదు.) మా ఆటల సారు ఎప్పుడూ నోట్లో విజిల్ పెట్టుకునే మాట్లాడేవాడు కాబట్టి ఆయన విజిల్ సారు. ఆ చొక్కాలు చూసి ఆయన విజిల్ తీసి మరీ "శభాష్" అన్నాడు.

సంగారెడ్డిలో కాలేజీల పోటీలు. మేం మొదటి మ్యాచే ఆడాల్సింది సంగారెడ్డి టౌను జట్టుతో. గెలుస్తామన్న భ్రమ నాకు తప్ప ఎవరికీ లేదు. అసలు సంగతి వేరే. ఆ మ్యాచ్‌లు చూసే జిల్లా జట్టుకు పిల్లలను ఏరుకుంటారు. ఆ జట్టులో పడితే పిట్టకు ఇంటరు అయ్యాక ఆటల కోటాలో డిగ్రీ సీటు, హాస్టలు. పడకపోతే పరీక్షలు అయిన మర్నాటినుంచి ఏదో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని. వాళ్ల నాన్న చెడ్డవాడేం కాదు, ఖరాఖండీగా ఉండేవాడు, అంతే. "జిల్లాల ఆడితే సదువు. లేకుంటె మేస్త్రికి చెప్పి పెట్టిన, పనికి పో," అన్నాడట. పిట్ట ఆ మాట నాకొక్కదానికే చెప్పింది, నేను జట్టంతటికీ చెప్పాను. (కెప్టెన్ అన్నాక సమాచారం అందరికీ చేరవెయ్యాలి కదా.)

మమ్మల్ని సంగారెడ్డి చేర్చే బాధ్యత కూడా చిన్నాయనే తీసుకున్నాడు. "పొద్దుగాల చౌరస్తా కాడ నిలవడుండ్రి. నీలం బస్సు, కంపెనీ బస్సు. డ్రైవర్‌కు చెప్పిన, సంగారెడ్డిల దింపుతడు." విజిల్ సారు ముందు రోజే వెళ్లిపోయాడు. మేం ఏడుగురం చౌరస్తాలో నిలబడ్డాం. నీలం బస్సు వచ్చింది. ఆగింది. ఎక్కమని నేనే అన్నాను.

పిట్ట ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. "అక్కా, డ్రైవర్‌ను ఒకసారి అడుగుదమా?"

"అడిగేదేమున్నదే? నీలం అన్నడు, నీలం ఉన్నది. కంపెనీ అన్నడు, కంపెనీ అని రాసి ఉన్నది. ఇంకేం గావాలె నీకు, దాని జాతకమా?"

నా వాదనలో తప్పు ఎక్కడుందో ఇన్నేళ్లయినా ఎవరూ చూపించలేకపోయారు. ఆ రోడ్డు మీద తిరిగే కంపెనీ బస్సుల్లో సగం నీలం రంగువైతే అది రంగు వేసినవాడి తప్పు.

బస్సు సంగారెడ్డి రోడ్డు ఎక్కకుండా పాశమైలారంలోకి తిరిగినప్పుడు కూడా, ఇంకెవరినో ఎక్కించుకుంటుందని అందరికీ సర్ది చెప్పాను. ఒక పెద్ద గేటు తెరుచుకుంది, మేం లోపలికి పోయాం, గేటు మూసుకుంది. పాన్ నములుతున్న ఒక సూపర్‌వైజర్ "చలో చలో, జల్దీ చలో" అంటూ మమ్మల్ని దింపాడు. (ఆయన పేరు తెలియదు. ఇక నుంచి చలో సారు అంటాను.) వరసగా నిలబెట్టి తలా ఒక ఎలాస్టిక్ టోపీ ఇచ్చాడు. మాలో ఒకమ్మాయి "టోపీలెందుకే?" అని గుసగుసలాడింది. "పెద్ద పోటీలల్ల గట్లనే ఉంటదే. జుట్టు వట్టి గుంజకుండ ఇస్తరు," అన్నాను. నమ్మారు. నేనూ నమ్మాను. అసలు ఇప్పటికీ అమ్మాయిల కబడ్డీకి అది మంచి ఏర్పాటేనని నా అభిప్రాయం.

లోపల హాలులో బెల్టు కదులుతోంది. దాని మీద మందు సీసాలు వస్తున్నాయి. పక్కన అట్టడబ్బాలు పేర్చి ఉన్నాయి. ఇది గ్రౌండు కాదని అప్పుడు నాకు అర్థమైంది. మూడో భాషగా చదివిన హిందీ అంతా కూడగట్టుకుని చలో సారు దగ్గరికి వెళ్లాను. "సార్, హమ్ కబడ్డీ కే లియే ఆయే," కబడ్డీ కోసం వచ్చామన్నాను.

"కబడ్డీ షామ్ కో ఖేల్నా. పెహలే డబ్బా భరో," అన్నాడాయన. కబడ్డీ సాయంత్రం ఆడుకోమని, ముందు డబ్బాలు నింపమని. నేను వెనక్కి తిరిగి చొక్కా మీద అంకె చూపించాను. ఆయన దాన్ని చూసి తృప్తిగా తల ఊపాడు. టోకెన్ నంబరు అనుకున్నాడట మహానుభావుడు.

ఏం చెయ్యాలో తోచక, సీసాలు వచ్చి మీద పడుతుంటే, అందరం నింపడం మొదలుపెట్టాం. నేను నింపినవి పడిపోతున్నాయి. పిట్ట చేతులు మాత్రం గ్రౌండులో కాళ్లు కదిలినట్టే కదిలాయి. చలో సారు ఆమె వెనక నిలబడి కాసేపు చూశాడు. "యే లడ్కీ బహుత్ తేజ్ హై. కల్ సే రోజ్ ఆనా!" చాలా చురుకైన పిల్లట, రేపట్నుంచి రోజూ రమ్మన్నాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. పిట్ట చేతులు ఆగిపోయాయి. నిప్పు తగిలినట్టు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "అక్కా, ఇది ఆపుమను. నన్ను ఈడికెళ్లి తీస్కపో," అంది. అంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది. అప్పుడు భయం వేసింది.

అదే సమయానికి గేటు దగ్గర రణగొణ. అసలు పనివాళ్లు ఏడుగురు ఆడవాళ్లు, చీరల మీద మా లాంటి చొక్కాలే వేసుకుని, బయట నిలబడి అరుస్తున్నారు. వాళ్లను ఎక్కించుకోవాల్సిన బస్సు మమ్మల్ని ఎక్కించుకుని వచ్చేసింది. వాళ్లు ఆటో పట్టుకుని వచ్చేసరికి, షిఫ్టుకు ఏడుగురూ వచ్చేశారని కాపలా తాత లోపలికి రానివ్వడం లేదు. మేం పరుగెత్తాం. ఎర్రచీర కట్టుకున్న ఒక పెద్దమ్మ గేటు ఊచల్లోంచి నన్ను చూసి లంకించుకుంది. "ఎవ్వరే నువ్వు? మా జాగల జొర్రి మా పని చేస్తవా? మీ అవ్వ అయ్య గిదే నేర్పిండ్రా?"

"నీ జాగ నేనేం జేసుకోను పెద్దమ్మా! మాకు సంగారెడ్డిల కబడ్డీ ఉన్నది. తాతను గేటు తీయమను!"

తాత తీయడు. స్టోరు చూసే మా చిన్నాయన పేరు చెబితే, ఆయనకు ఈ రోజు సెలవన్నాడు. గేట్ పాస్ లేనిదే సైరన్ మోగేదాకా ఎవ్వరూ బయటికి పోవద్దు.

"లోపటికి వచ్చెటప్పుడు పాసు అడగలే కదా?" అన్నాను.

"లోపటికి వచ్చెటోళ్లను ఎవడన్నా అడుగుతడా బిడ్డా? పొయ్యెటోళ్లనే అడుగుతరు."

వాళ్లు లోపలికి రాలేరు, మేం బయటికి పోలేం. ఎర్రచీర పెద్దమ్మకు కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా దిగింది. మా ముఖాలు చూసింది, పిట్టను ఇంకొంచెం సేపు చూసింది. "ఓ తాతా, నీకు లోపల ఏడుగురు ఉంటె సాలు గదా? ఒగలు ఎల్లితె ఒగలొస్తం. నీ లెక్క నీకుంటది, మా పని మాకుంటది." తాత చాలాసేపు ఆలోచించి, దాంట్లో తనకొచ్చే ఇబ్బంది కనపడక, చిన్న తలుపు తీశాడు. ఒక పిల్ల బయటికి, ఒక ఆడమనిషి లోపలికి. తలుపు దగ్గరే టోపీ ఈ తల మీంచి ఆ తల మీదికి. ఆటలో మనిషిని మార్చినట్టే. పిట్ట మొదట దాటింది, నేను తోసినందుకు కాదు, తలుపుకు దగ్గరగా ఉన్నందుకు.

మరి నేను ఆఖరున ఎందుకు మిగిలాను? పిట్ట మైకులో చెప్పే త్యాగం ఇక్కడిదే. త్యాగమూ లేదు, గీగమూ లేదు. నేను తాతతో వాదిస్తున్నాను. లోపలికి రావడానికి లేని పాసు బయటికి పోవడానికి ఎందుకో ఆయన నాకు సరిగ్గా చెప్పలేదు, నేను వదల్లేదు. తేల్చుకుని వెనక్కి తిరిగేసరికి మావాళ్లు ఆరుగురు బయట, పెద్దమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు లోపల. ఏడో ఆవిడ నిలబడి నిలబడి విసిగిపోయి ఇంటికి వెళ్లిపోయిందట. నాకు బదులుగా వచ్చే మనిషి లేదు. తాత తలుపు మూశాడు.

"పోండ్రే!" అని ఊచల్లోంచి అరిచాను. "ఏ లారీనన్నా ఆపి పోండ్రి. సారును బతిమాలుండ్రి, ఆరుగురితోనన్నా ఆడిపిస్తరు!"

ఎవరూ కదల్లేదు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకునే పిట్టే ముందు కూర్చుంది, గేటు ఎదురుగా, దుమ్ములో, బాసింపట్టు వేసుకుని. "నువ్వు రానిది మేం పోము."

"సెలక్షన్ నీదే, పిచ్చిదానా!"

"నా సెలక్షన్ సంగతి నాకెర్కనే. నువ్వు జెర ఆ నోరు మూస్కోని బయటికి రా అక్కా!"

మిగతా ఐదుగురూ ఆమె పక్కన కూర్చున్నారు. పిట్ట నన్ను నోరు మూసుకోమనడం అదే మొదలు, అదే ఆఖరు. మైకులో ఈ ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పదు.

నేను నోరు మూసుకోలేదు. తాత వైపు తిరిగాను. "లోపల పని చేసెటోళ్లు ఏడుగురు ఉండాలె అన్నవు. నేను పని చేస్తున్ననా? నిలబడి కొట్లాడుతున్న. పని చెయ్యనిదాన్ని లెక్కల ఎట్ల వెడ్తవు? చెప్పు మరి!" తాత రెండు చేతులతో తల పట్టుకున్నాడు. హాలు గుమ్మంలోంచి ఎర్రచీర పెద్దమ్మ ఒక్క మాట అంది. "ఓ తాతా, ఈ పోరి సైరన్ దాకా నీ కాడనే ఉంటది మరి. సోచాయించుకో."

తలుపు వెంటనే తెరుచుకుంది.

ఖాళీ డ్రమ్ములతో సంగారెడ్డి వైపు పోయే లారీ ఒకటి మమ్మల్ని వెనక ఎక్కించుకుంది. గుంత వచ్చినప్పుడల్లా డ్రమ్ములు బ్యాండు మేళంలా మోగేవి. ఎవరికీ నవ్వు రాలేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. మేం హాజరు కావలసిన టైం ఎప్పుడో దాటిపోయింది. పిలిచినప్పుడు జట్టు లేకపోతే మూడుసార్లు పిలిచి అవతలి జట్టుకు గెలుపు ఇచ్చేస్తారని మా అందరికీ తెలుసు. పిట్ట నా చొక్కా చెయ్యి పట్టుకుని దారి పొడుగునా వదల్లేదు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. (ఇది కూడా అదే మొదలు, అదే ఆఖరు.)

గ్రౌండు కనపడగానే మాకు ఏమీ అర్థం కాలేదు. కబడ్డీ కోర్టులో ఆట లేదు. అవతలి జట్టు, రిఫరీలు, పిల్లలను ఏరడానికి వచ్చిన పెద్దమనుషులు, చివరికి మా విజిల్ సారు కూడా నడుములు వంచి నేల మీద చేతులతో తడుముతున్నారు. దూరంనుంచి మిరపచేనులో కలుపు తీస్తున్నట్టు ఉంది. లారీలోంచి మేం దూకడం చూసి విజిల్ సారు నడుము ఎత్తాడు. ఆయన నోట్లోంచి విజిల్ జారి మట్టిలో పడింది. కొడతాడనుకున్నాను. కొట్టలేదు, అక్కడే సున్నం గీత మీద కూలబడి, "వచ్చిండ్రా? ఏడుగురున్నరా?" అని వేళ్లతో లెక్కపెట్టుకున్నాడు. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

సంగతేమిటంటే, రిఫరీ మమ్మల్ని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవడానికి నోరు తెరిచేసరికి సంగారెడ్డి జట్టు కెప్టెన్ కెవ్వుమంది. బజార్లో కిరాణా దుకాణం వాళ్ల పిల్ల, మోకాళ్ల దాకా జడ, అందరూ జడ అనే పిలిచేవాళ్లు. ఆటకు ముందు నగలు తీసెయ్యాలి కదా, ముక్కుపుల్ల తీసి చేతిలో పట్టుకుంటే జారి కోర్టులో పడిందట. "బంగారుది సార్! మా అమ్మమ్మది! దొరకకుంటె మా అమ్మ సంపుతది సార్!" అని ఏడుపు లంకించుకుందట. బంగారం అన్నాక ఎవరు ఊరుకుంటారు? మూడో పిలుపు మాట మర్చిపోయి అందరూ వంగారు. "ఈడ కాదు సార్, ఆ మూలకు చూడుండ్రి," అని జడ అందరినీ కోర్టంతా తిప్పుతోంది. మేం చొక్కాలు దులుపుకుని గీత దగ్గర వరసగా నిలబడ్డామో లేదో, "దొరికింది సార్!" అని పిడికిలి మూసి, నడుము దగ్గర దోపుకుంది. దొరికిన పుల్లను ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్లం ఎక్కడ చచ్చామో అడగడంలో అందరూ పడిపోయారు.

మ్యాచ్ జరిగింది. చిత్తుగా ఓడిపోయాం. అయినా ఆ రోజు పిట్ట ఆట చూడాలి! పొద్దున బెల్టు దగ్గర వెనక్కి దాచుకున్న ఆ చేతులతోనే వచ్చినవాళ్లను వచ్చినట్టు పట్టింది. కూతకు పోతే చేప జారినట్టు జారి వచ్చింది. కోపమో, బతికి బయటపడిన ఆనందమో, రెండూనో. ఆట సగంలోనే ఆ పెద్దమనుషులు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకోవడం నేను చూశాను.

నేను చూసింది ఇంకొకటి ఉంది. జడ కూతకు వచ్చింది. నేను నడుము పట్టాను. నా పట్టు సామాన్యమైంది కాదు. ఇద్దరం కింద పడ్డాం, నా ముఖానికి నాలుగు వేళ్ల దూరంలో ఆమె ముఖం. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటోంది. ఎడమ ముక్కు చూశాను. తల తిప్పి కుడి ముక్కు చూశాను. రెండు పక్కలా నున్నగా ఉంది. ఆ ముక్కు పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ కుట్టలేదు. నేను చూశానని ఆమె చూసింది. కూత ఆపకుండానే కన్ను కొట్టింది. నా చేతులు సడలాయి, ఆమె పాక్కుంటూ పోయి గీత తాకింది, పాయింటు పోయింది. "వట్టుకున్నదాన్ని ఎందుకిడిసినవ్?" అని విజిల్ సారు సంగారెడ్డి అంతా వినపడేట్టు అరిచాడు. ఏం చెప్పను? చెబితే రిఫరీల ముందు, సొంత జట్టు ముందు జడ గతేం కావాలి? నా జీవితంలో జవాబు చేతిలో ఉండి కూడా ఇవ్వని వాదన అదొక్కటే.

సాయంత్రం జిల్లా జట్టు పేర్లు చదివారు. పిట్ట పేరు వినగానే మేం ఏడుగురం గట్టిగా ఏడ్చాం, చూసినవాళ్లు కప్పు మేమే గెలిచామనుకున్నారు. బహుశా పిట్ట కథలో గెలుపు అక్కడ పుట్టి ఉంటుంది. జడను కూడా ఏరుకున్నారు. కానీ వాళ్ల ఇంట్లో పంపలేదని తర్వాత తెలిసింది.

మొన్న సభ అయ్యాక, శాలువా మడిచి సంచిలో పెట్టుకుంటూ పిట్టకు మొదటిసారి ఆ ముక్కు సంగతి చెప్పాను. "ఇన్నేండ్లు చెప్పలేదేందక్కా!" అంది. "చెప్తే మైకుల వెడ్తవు," అన్నాను. గ్రౌండులో ఆమె పిల్లలు సున్నం గీతలు వేసుకుంటున్నారు. "అంటే గెలుపు చేతులకొచ్చినంక కూడ..." అని సగంలో ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుని, గీత వంకర పోయిందని పిల్లల మీద కేకలేసింది. వచ్చే ఏడు ఆ కథ ఎలా చెబుతుందో చూడాలి. ఏం చెప్పినా నేను వాదించడానికి వెళ్తాను.

జడ వాళ్ల కిరాణా దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. వాళ్లెక్కడికి పోయారో చెప్పేవాళ్లు లేరు. అందుకే సంగారెడ్డి బస్టాండులో దిగినప్పుడల్లా నా వయసు ఆడవాళ్ల ముక్కుల వంక పరీక్షగా చూస్తుంటాను. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పక్కకు జరుగుతారు. జరగనీ. ఏదో ఒక రోజు దొరక్కపోదు. దొరికితే ఈసారి పట్టు వదలను, ఒక్కటే అడుగుతాను. ఏమే జడా, ఆ రోజు మేం రాకపోయి ఉంటే, లేని ముక్కుపుల్లను వాళ్లందరితో ఇంకెంతసేపు వెతికించేదానివే?